మెట్లకింద ఆరో కుర్చీ

ఏప్రన్ భోజనాల బల్ల నడిమధ్యన, పాత పేపరు పరిచి దాని మీద పెట్టి ఉంది. పిల్లి పట్టుకొచ్చిన ఎలుకను నలుగురికీ చూపించడానికి పెట్టినట్టు పెట్టారు టీచరమ్మ.

"ఇదెవరిదని మళ్లీ అడగను," అన్నారు.

"ఇందాకే చెప్పానుగా నాయనమ్మా. నాదే," అంది చిట్టి. ఇంకా మొహం కడుక్కోలేదు. జుట్టంతా ఒక పక్కకి పడిపోయి ఉంది.

"నీదంటే? కాలేజీలో నాటకం ఏమన్నా వేస్తున్నారా?"

"కాదు. మెట్లకింద పనిచేస్తున్నాను. సాయంత్రాలు."

మెట్లకింద అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. కాలేజీకి ఎదురుగా, పాత సినిమాహాలు మెట్ల కింద ఉన్న బర్గర్ల కొట్టు అది. దానికీ ఒక బోర్డుంది, బోర్డు మీద ఒక పేరుంది. కాని కాలేజీ పిల్లలెవరూ ఆ పేరు చదివిన పాపాన పోలేదు. దాని యజమాని పేరూ అంతే, అందరికీ ఆయన మామే. ఇంటికి వచ్చిన చుట్టాల చేతిలో కాఫీ కప్పు పెట్టగానే ఆ కొట్టు కథ మొదలెట్టడం చిట్టి తండ్రికి అలవాటు. చిట్టి ఆ కథ వింటూ పెరిగింది.

చిట్టి తల్లి పొయ్యి దగ్గర గుడ్లు వేస్తోంది. బల్ల దగ్గర గొడవ తేలేదాకా పొయ్యి వదలకపోవడం ఆమె పద్ధతి. అత్తగారింటికి వచ్చిన కొత్తలో నేర్చుకున్న పద్ధతి అది. ఎన్నడూ మోసం చెయ్యలేదు.

"లైబ్రరీలో చదువుకుంటున్నానన్నావు," అన్నారు టీచరమ్మ.

"అన్నాను."

"అంటే అబద్ధం."

"అవును నాయనమ్మా. అబద్ధమే."

టీచరమ్మ హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం నించి రిటైరయి చాలాకాలమైంది. గొంతు మాత్రం ఇంకా రిటైరు కాలేదు. "నా బడిలో తప్పుచేసిన పిల్లల్ని ఎంతమందినో వదిలేశాను. అబద్ధమాడినవాళ్లని ఒక్కరినీ వదల్లేదు. మీ నాన్ననడుగు."

మీ నాన్న అనబడే బ్యాంకు మేనేజరు కుర్చీలో కుక్కిన పేనులా కూర్చుని ఉన్నాడు. వెనక దాక్కోడానికి పేపరు కూడా లేదు. అది ఏప్రన్ కింద ఉంది.

"నాన్నేగా, అక్కడ బర్గరు తింటే పోయిన ప్రాణం లేచొస్తుందనేది," అంది చిట్టి.

"తినమన్నానే. వడ్డించమన్నానా?"

"ఎవరో ఒకరు వడ్డిస్తేనేగా నువ్వు తిన్నది."

"చూశావట్రా," అన్నారు టీచరమ్మ. "పనిలో చేరి నెల తిరగలేదు, అప్పుడే మాటకి మాట వడ్డించడం వచ్చేసింది. ఇదిగో పిల్లా, పని చెయ్యడం తప్పని నేననను. కాని ఎవరో తిని వదిలేసిన ప్లేట్లు ఎత్తడానికా నిన్ను కాలేజీలో చేర్చింది? మీ అమ్మని చూడు. వాళ్లింట్లో తినడానికే కటకటగా ఉండేది. అయినా చదువు వదల్లేదు. మీ నాన్నతో సమానంగా ఒకే క్లాసులో కూర్చుని చదివింది. ఇలాంటి పనికి ఏనాడైనా వెళ్లిందేమో అడుగు."

చిట్టి అడగలేదు. తల్లి వీపు వైపు చూసింది.

ఆ చూపు వీపుకి తగులుతూనే ఉంది ఆమెకి. తిరగలేదు. గుడ్డు అంచులు వేగిపోయాయి. అట్లకాడతో ఎత్తి ప్లేటులో వేసింది. ఆ వెంటనే అట్లకాడ అంచుతో పెనం మీద టక్, టక్ అని రెండు దెబ్బలు వేసింది. వెయ్యాలని వెయ్యలేదు. చెయ్యి దానంతట అదే వేసింది, రోజూ వేసినట్టే.

ప్లేటు సిద్ధం, వచ్చి తీసుకో అని దాని అర్థం. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎక్కడినించి వచ్చిందో ఎవరికీ తెలియదు. కనీసం నిన్నటిదాకా అలాగే అనుకుంది ఆమె.

చిట్టి లేచి వచ్చి ప్లేటు అందుకుంది. అందుకుని, తల్లి మొహంలోకి చూస్తూ కదలకుండా నిలబడింది.

"చల్లారిపోతుంది, తిను," అంది ఆమె.

"సాయంత్రం మీరందరూ రండి," అంది చిట్టి, తల్లిమీంచి చూపు తిప్పకుండానే, నాయనమ్మకి వినిపించేలా. "వచ్చి, కూర్చుని, తినండి. ఆ తరవాత కూడా మానెయ్యమంటే మానేస్తాను."

"వస్తాను," అన్నారు టీచరమ్మ. "ఎందుకు రాను? ఆ యజమానితోనే మాట్లాడతాను. అమ్మాయ్, నువ్వు కూడా రావాలి. అది నీ కూతురు కూడాను."

"నాకు పొద్దుట్నించీ తలనొప్పిగా ఉందత్తయ్యా."

"మాత్ర ఇస్తాను," అన్నారు టీచరమ్మ, సంచీ జిప్పు లాగుతూ.

*

బట్టలు ఆరేసే చోట చిట్టి దొరికింది ఆమెకి. అసలు చిట్టికే ఆమె దొరికిందనాలి. తల్లి బకెట్టుతో వస్తుందని తెలిసే అక్కడ కాపుకాసింది.

"అమ్మా, మొదటిరోజు నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు తెలుసా," అంది క్లిప్పులు అందిస్తూ. "ఏప్రన్ కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాను. మామ లోపల పెనం మీద రెండు దెబ్బలు కొట్టాడు. నేను తిరిగి వెళ్లి ప్లేటు తీసేసుకున్నాను. మామ నన్ను అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఎవరు చెప్పారు నీకు అన్నాడు. ఎవరూ చెప్పలేదు, మా ఇంట్లో అమ్మ ఇలాగే కొడుతుంది అన్నాను."

ఆమె చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది.

"ఏమన్నాడు?"

"ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు. అవసరానికి మించి తరిగాడు."

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. ఆ చప్పుడు ఆగాక చిట్టి ఇంకో క్లిప్పు అందించింది.

"నేనెవరికీ చెప్పనమ్మా," అంది చిట్టి. "అది నీ సంగతి. నువ్వే చెప్పాలి. కాని ఇవాళ కూడా నువ్వు చెప్పకపోతే నేను రేపట్నించి మానేస్తాను. నాయనమ్మ మానెయ్యమందని కాదు. మా అమ్మే ఇన్నేళ్లు సిగ్గుపడి దాచిందంటే అది సిగ్గుపడాల్సిన పనే అయ్యుంటుంది కదా. అలాంటి పని నేనెందుకు చెయ్యాలి?"

"సిగ్గుపడి కాదే..."

"మరి?"

ఆమె దుప్పటి దులిపింది. నీటి తుంపర కూతురి మొహం మీద పడింది. చిట్టి తుడుచుకోలేదు.

*

"చెప్పేస్తాను," అంది ఆమె భర్తతో, పడకగది తలుపు దగ్గరికి వేసి.

"పిచ్చా నీకు? ఇన్నేళ్ల తరవాతా?"

"దానికి తెలిసిపోయిందండీ."

"దానికి తెలిస్తే పరవాలేదు. అది మన పిల్ల. అమ్మకి తెలిస్తే?" గొంతు తగ్గించాడు. "అబద్ధమాడినవాళ్లని వదల్లేదట. పొద్దున్న విన్నావుగా. నా వైపు చూసి మరీ అంది."

"అబద్ధమాడింది నేను కాదు."

"కాదనలేదుగా."

ఆ మాట దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. ప్రతిసారీ వాళ్ల పోట్లాట వచ్చి ఆగే గడప అదే.

ఆ అబద్ధం చాలా చిన్నది. రెండే రెండు ముక్కలు. మొదటిసారి అతని వెంట ఈ గుమ్మంలోకి వచ్చినప్పుడు, చెప్పులింకా కాళ్లకే ఉన్నప్పుడు, టీచరమ్మ నవ్వుతూ అడిగారు, "నువ్వేం చదువుతున్నావమ్మా?" అని. ఆమె నోరు తెరిచేలోగా అతను, "నా క్లాసే," అన్నాడు. ఆమె తెరిచిన నోటితోనే నవ్వింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

అప్పటిదాకా మెట్లకింద ప్లేట్లు మోసినందుకు ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు. ఎడమచేతి మీద నాలుగు ప్లేట్లు నిలబెట్టి, తొణక్కుండా, జనం మధ్యలోంచి చేపపిల్లలా వెళ్లేది. మామ మిగతావాళ్లతో, చూసి నేర్చుకోండర్రా అనేవాడు. సిగ్గు ఈ గుమ్మంలోనే మొదలైంది. అతను చెప్పనిచ్చి ఉంటే అది అక్కడే రెండు నిమిషాల్లో అయిపోయే సంగతి. చెప్పనివ్వలేదు గనక అది ఇంట్లోకి వచ్చి, వీళ్లతోపాటే కాపరం పెట్టింది.

ఆ రెండు ముక్కలు నిలబడాలంటే వాటికి గోడలు కావాలి. అందుకే అతను కథ కట్టాడు. కిటికీ దగ్గర టేబులు. తనతో కలిపి అయిదుగురు స్నేహితులూ, ఆరో కుర్చీలో ఈమె. ఒకడికి ఉల్లిపాయ పడదు, ఒకడు అందరి ప్లేట్లలోంచీ ఫ్రైస్ ఏరుకు తినేవాడు. అన్నిటికన్నా చుట్టాలు పడీపడీ నవ్వేది సూపు దగ్గర. "అక్కడొక తింగరి పిల్ల ఉండేదిలెండి. టిష్యూ అని పిలిచేవాళ్లం. ఎప్పుడూ టిష్యూలు పట్టుకుని పరిగెత్తేది. నేను కాలేజీ ఎన్నికల్లో గెలిచి తెల్లచొక్కా వేసుకుని వస్తే, నా మీద గిన్నెడు టమాటా సూపు ఒంపేసింది. ఆ చొక్కాతోనే స్టేజి ఎక్కాను. గెలిచింది ఎన్నికా, యుద్ధమా అన్నారు అందరూ."

అందరూ నవ్వేవారు. ఆరో కుర్చీలో కూర్చున్న మనిషి కూడా నవ్వాలి కదా. ఆమె నవ్వేది.

ఆ రోజు అతను ఆమె మీద కళ్లు నెత్తికెక్కాయా అని అరిచాడన్నది కథలో లేదు. కొట్టంతా తిరిగి చూసిందని లేదు. మర్నాడు ఒంటరిగా వచ్చి, కౌంటరు ముందు నిలబడి, నీ అసలు పేరేమిటి అని అడిగాడనీ, క్షమించమన్నాడనీ లేదు. వాళ్లిద్దరి మధ్య అన్నిటికన్నా మంచి మాట అదే. కథలోంచి దాన్నే తీసెయ్యాల్సి వచ్చింది.

"ఇవాళొక్కరోజు గడిచిపోనియ్," అన్నాడు భర్త. "తింటుంది, నాలుగు మాటలంటుంది, వచ్చేస్తాం. మెల్లిగా నేనే ఒకరోజు చూసి చెప్తాను."

"ఎప్పుడు?"

అతను అల్మరా తెరిచి చొక్కా కోసం వెతకసాగాడు. తెల్లచొక్కా చేతికొచ్చింది. పక్కన పెట్టి నీలంది తీసుకున్నాడు.

*

మెట్లకింద ఏమీ మారలేదు. అదే వచ్చిన చిక్కు. మారి ఉంటే బాగుండేదని దారంతా కోరుకుంది ఆమె.

పైన సినిమాహాలు ఇప్పుడు ఫర్నిచరు గోడౌను అయింది. జనం ఎక్కిదిగే చప్పుడు లేదు గాని, ఏటవాలు సీలింగు అదే, కిందికి పోయేకొద్దీ పొడుగువాళ్లు తల వంచాల్సిన మూల అదే. వేగిన ఉల్లిపాయ, కాలిన రొట్టె, కాగిన వెన్న కలిసిన వాసన తలుపు తియ్యగానే ఎదురొచ్చి, ఇన్నాళ్లూ ఏమైపోయావన్నట్టు మీద పడింది.

ఆమె కౌంటరు వైపు వీపు పెట్టి కూర్చుంది. ఇటువైపు కూర్చోవడం ఎలాగుంటుందో ఇప్పుడే తెలుస్తోంది. కుర్చీ చిన్నది, మోకాళ్లు బల్లకి తగులుతున్నాయి. ఇన్ని వందలమందిని ఇందులో కూర్చోబెట్టింది, ఒక్కరూ చెప్పలేదు.

"ఇదేనా మీ టేబులు?" అన్నారు టీచరమ్మ, కిటికీ వైపు చూస్తూ. అక్కడ కాలేజీ పిల్లలు ఒకరి మాట ఒకరు విననివ్వకుండా మాట్లాడుకుంటున్నారు. "అయిదు కుర్చీలే ఉన్నాయేంరా?"

"ఇంకోటి లాక్కునేవాళ్లంలే అమ్మా, పక్కనించి."

టీచరమ్మ తను కూర్చున్న కుర్చీని కాస్త ముందుకి జరుపుకోబోయారు. అది జరగలేదు. వంగి చూశారు. కాళ్లు నేలకి బోల్టులతో బిగించి ఉన్నాయి. పక్కదాని వైపు చూశారు. అదీ అంతే. అన్నీ పాత కుర్చీలే.

"బిగించేశారల్లే ఉంది, ఈమధ్య," అన్నాడు భర్త. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు నీళ్లు తాగాడు.

టీచరమ్మ ఏమీ అనలేదు. ఆవిడ అంటే ఒక లెక్క, అనకపోతే రెండు లెక్కలు.

చిట్టి వచ్చింది. పొద్దున్న ఇంట్లో బల్ల మీద పెట్టిన ఏప్రన్ కాదు, ఇంకొకటి కట్టుకుని. "ఏం తీసుకుంటారు?" అంది, అందరినీ అడిగినట్టే.

"మాకెలా తెలుస్తుంది? మీ నాన్ననడుగు, ఈయనకి ఇక్కడ సభ్యత్వం ఉంది," అన్నారు టీచరమ్మ.

బర్గర్లు వచ్చాయి. టీచరమ్మ ఫోర్కూ కత్తీ అడిగి తెప్పించుకున్నారు. బర్గర్ని నాలుగు సమభాగాలు చేసి, ఒక భాగాన్ని మళ్లీ రెండు చేసి, పరీక్ష పేపరు దిద్దుతున్నంత జాగ్రత్తగా నమిలారు. రెండో ముక్క కాస్త తొందరగా వెళ్లింది. మూడోదానికి ఫోర్కు పక్కనపెట్టి చేత్తో తీసుకున్నారు.

"బాగుంది," అన్నారు చివరికి. "అబద్ధమెందుకు ఆడాలి, బాగుంది. అయితే తినడం వేరు. యజమాని ఏడీ?"

మామ అప్పటికే వస్తున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతిలో అట్లకాడ మాత్రం వదల్లేదు. అతను నడిచి వస్తున్న తీరు, ఎడమ మడమ కాస్త ఈడ్వడం, చూడకుండానే చెవికి తెలిసింది ఆమెకి. గ్లాసులో నీళ్లని చూస్తూ కూర్చుంది.

"ఎలా ఉందమ్మా?"

"వంటకి వంక లేదు. నేనీ పిల్ల నాయనమ్మని. వీడు నా కొడుకు, మీ దగ్గర తిని పెరిగినవాడే. ఇది నా కోడలు. తనూ వీడి క్లాసే. వీళ్లందరూ ఆ కిటికీ దగ్గరే కూర్చునేవాళ్లట. గుర్తున్నారా?"

మామ మేనేజరుగారి వైపు చూశాడు. తరవాత ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఎంతసేపున్నదో ఆమెకి తెలియదు. గ్లాసులో నీళ్లు కదలడం ఆగిపోయినంతసేపు.

ఇప్పుడు చెప్పొచ్చు. చెప్పాలనే వచ్చింది. నోరు తెరిస్తే వచ్చిన మాట ఇది: "ఈయనకి మేమెక్కడ గుర్తుంటాం అత్తయ్యా. రోజుకి ఎంతమంది వచ్చిపోయేవాళ్లో."

"అవునమ్మా," అన్నాడు మామ నెమ్మదిగా. "కూర్చుని తిన్నవాళ్లు నాకంతగా గుర్తుండరు."

కౌంటరు దగ్గర చిట్టి గ్లాసులు తుడుస్తోంది. తుడిచిన గ్లాసునే మళ్లీ తుడుస్తోంది.

"అయితే ఒకటి మాత్రం గుర్తుండే ఉంటుంది మీకు," అన్నారు టీచరమ్మ, బర్గరు ఇచ్చిన ఉత్సాహంలో. కొడుకు చెప్పే కథ ఇప్పుడు తనే చెప్పే అవకాశం దొరికింది. "మీ దగ్గరొక తింగరి పిల్ల ఉండేదట కదా? మావాడి తెల్లచొక్కా మీద సూపంతా పోసేసింది."

"అమ్మా, అదంతా ఇప్పుడెందుకు," అన్నాడు భర్త.

"నువ్వూరుకో. ఎన్నిసార్లు చెప్పావురా, నేనొక్కసారి చెప్పకూడదా? గెలిచింది ఎన్నికా యుద్ధమా అన్నారట అందరూ."

నవ్వొచ్చే చోటు వచ్చింది. ఆమె నవ్వింది.

నవ్వాలని నవ్వలేదు. ఇన్నేళ్లూ ఆ మాట దగ్గర నవ్వి నవ్వి, పెనం మీద చెయ్యి వేసే దెబ్బల్లాగే, ఆ నవ్వు కూడా దానంతట అదే వచ్చేసింది. చిన్నగా, మర్యాదగా, చుట్టాల ముందు నవ్వినట్టే. మామ ముందు. కూతురు వింటుండగా.

గ్లాసు తుడుస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"ఉండేదమ్మా," అన్నాడు మామ. "తింగరిది కాదు. ఆ రోజు ఆ పిల్లకి జ్వరం. వెళ్లిపొమ్మన్నాను. ఎన్నికల రోజు, జనం ఎక్కువుంటారు మామా అని ఉండిపోయింది."

"అయ్యో, అలాగా," అన్నారు టీచరమ్మ. నిజంగానే నొచ్చుకున్నట్టు గొంతు తగ్గింది. "ఆ సంగతి వీడెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడెక్కడుందా పిల్ల?"

"పెళ్లయిపోయింది. మంచి ఇంట్లోనే పడిందని విన్నాను."

అతను వెళ్లిపోయాడు. వెళ్తూ ఆమె వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. జ్వరం సంగతి భర్తకి కూడా తెలియదు. అతను బల్ల మీది ఉప్పుసీసాని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు, దాని మీద ఏదో రాసి ఉన్నట్టు.

సాయంత్రపు కాలేజీ వదిలారు. పిల్లలు గుంపుగా లోపలికి తోసుకొచ్చారు. చిట్టి రెండు చేతులూ నిండిపోయాయి. ఒక టేబులు సూపంటుంది, ఒకటి నీళ్లంటుంది. లోపల పెనం బుసలు కొడుతోంది. మాట్లాడుకునే మాటలు కూడా వినిపించనంత రొద.

ఆ రొదలో టక్, టక్.

ఆమె లేచి నిలబడింది.

లేచాక గాని లేచినట్టు తెలియలేదు. ఎడమచేతి మీద టేబులు మీది ఖాళీ ప్లేట్లు మూడూ ఒకదాని పక్కన ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఎప్పుడు ఎత్తిందో తెలియదు. కౌంటరు దగ్గర చిట్టి కూడా అదే క్షణాన అటు తిరిగింది. తల్లీ కూతుళ్లు ఇద్దరూ ఒకే వైపు తిరిగి, ఒకే కాలు ముందుకు పెట్టి, ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు.

టీచరమ్మ చేతిలో బర్గరు ముక్క నోటి దాకా వచ్చి ఆగింది. కోడలి మొహం చూడలేదు ఆవిడ. ఆ ఎడమచేతిని చూస్తున్నారు. మోచేతి మడతలో ఒకటి, మణికట్టు మీద ఒకటి, వేళ్ల మధ్య ఒకటి. ఇంట్లో ఏనాడూ రెండు చేతుల్తో రెండు ప్లేట్లకి మించి పట్టుకోని కోడలు.

"ఎక్కడికమ్మాయ్?" అన్నారు.

"చేతులు కడుక్కోడానికి," అన్నాడు భర్త.

అదే తొందర. అదే గొంతు. గుమ్మంలో చెప్పులు విప్పకముందు విన్న గొంతు.

"నేను నిన్నడగలేదురా," అన్నారు టీచరమ్మ. "తననడిగాను."

ప్లేట్లు చేతి మీద కదలకుండా ఉన్నాయి. వెనక కూతురుంది. ఇంకాసేపు ఊరుకుంటే చిట్టి ఏప్రన్ విప్పేస్తుంది. విప్పి మడిచి కౌంటరు మీద పెట్టేస్తుంది. అది తన పోలికే, మాట అంటే మాటే.

"నేనిక్కడ ఎప్పుడూ కూర్చోలేదత్తయ్యా," అంది ఆమె. "ఇవాళే మొదటిసారి."

టీచరమ్మ వింటున్నారు.

"నేను ఏ క్లాసూ కాదు. కాలేజీ గేటు లోపలికి వెళ్లింది బర్గర్లు ఇచ్చి రావడానికే. ఆ సూపు..." ఆమె కిటికీ టేబులు వైపు చూసింది. "ఆ తింగరి పిల్లని నేనే."

పక్క టేబులు వాళ్లు ఏదో జోకుకి గొల్లున నవ్వారు. ఆ నవ్వు తన మీదే అనిపించి ఆమె చెవులు కాలిపోయాయి. టీచరమ్మ చేతిలోని ముక్కని ప్లేటులో పెట్టబోయారు. ప్లేటు అక్కడ లేదు, కోడలి చేతి మీద ఉంది. ముక్కని టిష్యూలో పెట్టి, టిష్యూ నాలుగు అంచులూ మడిచారు. ఎంత నెమ్మదిగా మడిచారంటే, ఆ మడతలు ఎప్పటికీ పూర్తికావేమో అనిపించింది.

లోపల మళ్లీ టక్, టక్.

"అక్కడ ఎవరి తిండో చల్లారిపోతోంది," అన్నారు టీచరమ్మ. "వెళ్లి ఇచ్చిరా."

అది క్షమించడమో, నీ చోటికి నువ్వు వెళ్లు అనడమో ఆ గొంతులో దొరకలేదు. ఆమె వెళ్లింది. ప్లేట్లు తొట్టిలో పెట్టి, మామ అందించింది అందుకుంది. వేడిగా ఉంది, అంచు పట్టుకో అన్నాడంతే. కొత్తవాళ్లకి చెప్పే మాట అది.

కిటికీ టేబులు దగ్గర పెట్టింది. వాళ్లలో ఒకడు తల ఎత్తకుండానే, "టిష్యూలు ఆంటీ," అన్నాడు. కౌంటరు దగ్గరికి వచ్చి, చూడకుండా చెయ్యి దాని కిందికి పెట్టింది. పాత చోటే. తీసి ఇచ్చింది.

తిరిగి వచ్చేసరికి ఆమె కుర్చీలో టీచరమ్మ హేండుబ్యాగు ఉంది. కావాలని పెట్టారో, మామూలుగా పెట్టారో. ఆమె కుర్చీ పక్కనే నిలబడిపోయింది.

టీచరమ్మ కోడలి వైపు చూడలేదు. మనవరాలి వైపూ చూడలేదు. టిష్యూ పొట్లాన్ని బల్ల మీద పక్కకి జరిపి, కొడుకుని చూశారు.

"లేచి నిలబడు."

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

"తనని నిలబెట్టినప్పుడూ చూసే ఉంటారు. లే."

మేనేజరుగారు లేచాడు. సీలింగు కిందికి వాలిన చోటు అది. తల వంచి నిలబడక తప్పలేదు. కిటికీ దగ్గర పిల్లలు మాటలు ఆపి ఇటు తిరిగారు. చిట్టి చేతులు వెనక్కి పెట్టుకుని, ఏప్రన్ ముడి మీద ఉంచింది. విప్పడానికో, బిగించడానికో తల్లికి కనపడటం లేదు.

"ఇప్పుడా కథ మళ్లీ చెప్పు," అన్నారు టీచరమ్మ. "మొదట్నించి. ఈసారి ఎవరెక్కడ ఉన్నారో అక్కడే ఉంచి చెప్పు. అంతా విన్నాక ఈ కుర్చీ సంగతి చూస్తాను."

అతను నోరు తెరిచాడు. ఎప్పుడూ మాట వెతుక్కోవలసిన అవసరం రాని కథకి మొదటిసారి మాట దొరకలేదు. భార్య వైపు చూశాడు, నువ్వే చెప్పు అన్నట్టు, కనీసం నవ్వు అన్నట్టు.

ఆమె నవ్వలేదు.

లోపల మామ పొయ్యి ఆపేశాడు.